షింజుకు స్టేషన్‌లో దారి ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది

టోక్యో వెళ్తున్నామని చెప్పగానే ఎవరో ఒకరు షింజుకు స్టేషన్ పేరు చెప్పి భయపెడతారు. రెండు వందలకు పైగా బయటి దారులట, రోజుకి ముప్పై అయిదు లక్షల మంది జనమట, ఒకసారి దిగితే గంటసేపు తిరగాల్సిందేనట. అంకెల్లో అబద్ధమేమీ లేదు. 2018లో రోజుకి సగటున 35.9 లక్షల మంది ఈ స్టేషన్‌ని వాడారని లెక్కగట్టి, ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్ ఇదేనని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. కాకపోతే ఆ అంకెలతో మనకి పనేం లేదు. మనం దిగేది ఒక్క ప్లాట్‌ఫారం మీద, బయటపడాల్సింది ఒక్క దారిలోంచి. మధ్యలో తేల్చుకోవాల్సిన సంగతులు మహా అయితే రెండు మూడు. అన్నిటికంటే ముఖ్యమైనది రైలు దిగిన అర నిమిషంలోనే ఎదురవుతుంది: మెట్లు ఎక్కాలా, దిగాలా?

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ షింజుకులో తప్పిపోయేవాళ్లలో ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. జనం ఎటు వెళ్తే అటు కొట్టుకుపోతారు, ఏదో ఒక గేటు కనిపిస్తే కార్డు ఆనించి బయటికి వచ్చేస్తారు, వచ్చాక ఫోన్ తీసి చూస్తే వెళ్లాల్సిన హోటల్ స్టేషన్‌కి అవతలి వైపున ఉంటుంది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే అక్కడి నేల సంగతి కాస్త తెలియాలి. జేఆర్ (జపాన్ రైల్వేస్) పట్టాలు ఉత్తర దక్షిణాలుగా వెళ్తాయి, 1 నుంచి 16 దాకా ప్లాట్‌ఫారాలు వరసగా పక్కపక్కనే ఉంటాయి. చుట్టూ ఉన్న ఊరు మాత్రం ఒకే ఎత్తులో లేదు. దక్షిణం వైపు కోషు కైదో అనే పాత రహదారి వంతెన ఎక్కి పట్టాల మీదుగా దాటుతుంది. ఉత్తరం వైపు ఓమె కైదో అనే మరో రోడ్డు అవే పట్టాల కింద నుంచి దూరి వెళ్తుంది. అంటే ఒక కొసన రోడ్డు పట్టాలకంటే ఎత్తులో, ఇంకో కొసన పట్టాలకంటే పల్లంలో ఉంది. అందువల్ల స్టేషన్ కూడా రెండుగా తయారైంది, ప్లాట్‌ఫారాల కింద ఒకటి, ప్లాట్‌ఫారాల మీద ఒకటి. ఈస్ట్, వెస్ట్, సెంట్రల్ ఈస్ట్, సెంట్రల్ వెస్ట్ గేట్లన్నీ కింద, అండర్‌గ్రౌండ్‌లో ఉన్నాయి. సౌత్, సౌత్ ఈస్ట్, కోషు కైదో, న్యూ సౌత్, మిరైనా టవర్ గేట్లు పైన ఉన్నాయి. ఒకసారి పైకి ఎక్కారంటే ఈస్ట్ గేటు మీకు కనిపించదు, ఎంత వెతికినా కనిపించదు, ఎందుకంటే అది మీ కాళ్ల కింద రెండంతస్తుల లోతులో ఉంది. మ్యాప్‌లో చూస్తే రెండూ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, ఎందుకంటే మ్యాప్‌లో ఎత్తు తెలియదు.

కాబట్టి రైలెక్కే ముందే, హోటల్ గదిలో కూర్చుని, మీకు కావాల్సిన గేటు పేరు తేల్చుకోండి. కబుకిచో అనే వినోదాల పేటకి వెళ్లాలన్నా, కినోకునియా పుస్తకాల షాపుకి వెళ్లాలన్నా, ఫోటోల్లో కనిపించే ఆ త్రీడీ పిల్లి తెర చూడాలన్నా ఈస్ట్ గేటు, మెట్లు దిగాలి. పెద్ద పెద్ద భవంతులు, ఉచితంగా ఎక్కనిచ్చే టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు, ఆ వైపు హోటళ్లు కావాలంటే వెస్ట్ గేటు, అది కూడా కిందే. హైవే బస్సులు, తకాషిమాయా షాపింగ్ అయితే న్యూ సౌత్ గేటు, మెట్లు ఎక్కాలి. పేరు తెలిశాక ప్లాట్‌ఫారం మీద వెతకాల్సింది పసుపు రంగు బోర్డుల్ని మాత్రమే. జపాన్‌లో చాలా స్టేషన్లలో పసుపు బోర్డు అంటే బయటికి దారి. లైన్ల పేర్లు వేరే రంగుల్లో ఉంటాయి, ఇంకో రైలు మారే పని లేకపోతే వాటిని చూడనే అక్కర్లేదు. వందల బోర్డులు ఒకేసారి కళ్ల మీద పడతాయి కాబట్టి, దేన్ని వదిలెయ్యాలో తెలియడమే సగం పని.

ఆ రెండు వందల దారుల గుట్టు కూడా ఇక్కడే చెప్పేస్తాను. గేటు వేరు, బయటి దారి వేరు. గేటు అంటే కార్డు ఆనించి రైల్వే హద్దు దాటే చోటు. జేఆర్‌కి అవి పది లోపే. గేటు దాటాక అండర్‌గ్రౌండ్‌లో షాపుల సందులు మొదలవుతాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి కలుస్తూ వీధుల కింద చాలా దూరం వెళ్తాయి, వాటి నుంచి వీధిలోకి ఎక్కే ప్రతి మెట్ల వరసకీ అక్షరాలు అంకెలు కలిపి ఒక నంబరు ఉంటుంది. ఆ మెట్లన్నీ కలిపితేనే రెండు వందలు. గేటు సరిగ్గా ఎంచుకుంటే తర్వాత మెట్ల నంబరు కొంచెం అటూ ఇటూ అయినా ఒక వీధి ఎక్కువ నడుస్తారు, అంతే. గేటు తప్పితే మాత్రం చాలా దూరం తిరగాల్సి రావొచ్చు.

అసలు ఈ అవస్థ 2020కి ముందు ఇంకా ఘోరంగా ఉండేది. ఈస్ట్ నుంచి వెస్ట్‌కి స్టేషన్ లోపల నుంచి నేరుగా దాటాలంటే జేఆర్ టికెట్ ఉండాల్సిందే, లేకపోతే ఉత్తరంగానో దక్షిణంగానో చుట్టు తిరిగి రావాలి. 2020 జూలై 19న గేట్ల వరసల్ని పక్కలకి జరిపి, మధ్యలో ఉన్న దారిని టికెట్ లేనివాళ్లకి కూడా తెరిచారు. వంద మీటర్ల పొడవు, ఇరవై అయిదు మీటర్ల వెడల్పు ఉన్న ఆ దారి ఇప్పుడు రెండు వైపుల్నీ కలుపుతుంది. ఈస్ట్‌లో బయటపడి అయ్యో వెస్ట్ కదా అనుకున్నా ఇప్పుడు పెద్ద టెన్షన్ లేదు, వెనక్కి వచ్చి నడిచి దాటెయ్యొచ్చు. అయితే ఇది కింది అంతస్తు గేట్ల మధ్య మాత్రమే. పైన సౌత్‌లో బయటపడినవాళ్లకి ఈ దారి దగ్గర్లో ఉండదు, వాళ్లు వీధిలోంచి నడిచి రావాల్సిందే.

ఒకే పేరు, అయిదు కంపెనీలు

ఇక రెండో చిక్కు. షింజుకు ఒక స్టేషన్ కాదు. ఒకే పేరు పెట్టుకుని ఒకదానికొకటి ఆనుకుని ఉన్న అయిదు కంపెనీల స్టేషన్లు అవి. జేఆర్ ఈస్ట్, ఒదాక్యూ, కెయో, టోక్యో మెట్రో, తోయే. ఎవరి గేట్లు వాళ్లవి, ఎవరి చార్జీలు వాళ్లవి. మన దగ్గర పెద్ద జంక్షన్ అంటే ఒకే రైల్వే, ఒకే టికెట్, ఒకే ప్రకటన. ఇక్కడ ఒక లైను దిగి ఇంకో లైను ఎక్కడమంటే చాలాసార్లు ఒక కంపెనీ ఆవరణ దాటి ఇంకో కంపెనీ ఆవరణలోకి వెళ్లడం. వీళ్లు చాలరన్నట్టు సెయిబు అనే ఆరో కంపెనీ స్టేషన్ కొన్ని వందల మీటర్ల అవతల సెయిబు షింజుకు అనే పేరుతో విడిగా ఉంది. ఆ పేరు చూసి షింజుకు గేట్ల మధ్య దానికోసం వెతికేవాళ్లు పాపం చాలామంది.

అసలు ఇలా ఎందుకు పెరిగింది? 1885 మార్చిలో ఇక్కడ మొదటి స్టేషన్ తెరిచినప్పుడు ఇది ఊరి చివర. 1889లో పడమటి వైపు నుంచి ఇంకో రైలు కంపెనీ వచ్చి కలిసింది, ఇవాళ్టి చువో లైన్‌కి మూలం అదే. 1923లో పెద్ద భూకంపం వచ్చి టోక్యో తూర్పు భాగం నాశనమయ్యాక జనం పడమటి వైపుకి తరలిపోయారు, ఆ పడమటి శివార్లకి లైన్లు వేసిన ప్రైవేటు కంపెనీలు తమ రైళ్లని ఊరి నడిబొడ్డు దాకా తేవాలనుకున్నా, లోపలి రవాణా తమ చేతిలోనే ఉండాలని నగరం వాళ్లు పట్టుబట్టడంతో ఊరి చుట్టూ తిరిగే యమనోతె లైను వలయం దగ్గరే ఆగిపోయాయి. షింజుకు, షిబుయా, ఇకెబుకురో ఇంత పెద్దవి కావడానికి అసలు కారణం ఆ ఆగిపోవడమే. ఆగిన చోట ప్రతి కంపెనీ తన స్టేషన్ కట్టుకుంది, స్టేషన్ నెత్తి మీద తన డిపార్ట్‌మెంట్ స్టోర్ కట్టుకుంది. ఒదాక్యూ 1927లో వచ్చింది. టోక్యో మెట్రో వాళ్ల మరునౌచి సబ్‌వే 1959లో, తోయే షింజుకు లైను 1980లో. పక్కవాడికి అడ్డం రాకుండా కొత్తగా వచ్చినవాడు ఇంకొంచెం లోతుకి తవ్వుకుంటూ పోయాడు, అందుకే చివర్లో వచ్చిన ఓయెదో లైను ప్లాట్‌ఫారాలు నేలకి ఏడంతస్తుల కింద ఉన్నాయి.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది కెయో కథ. ఈ కంపెనీ స్టేషన్ మొదట్లో తూర్పు వైపు ఉండేది. రైళ్లు కోషు కైదో వంతెన ఎక్కి పట్టాలు దాటి అవతలికి వచ్చేవి. 1945లో బాంబు దాడిలో కరెంటు సబ్‌స్టేషన్ దెబ్బతింది, వోల్టేజీ పడిపోయి ఆ వంతెన చడావు ఎక్కడం రైళ్ల వల్ల కాలేదు. ఏం చేస్తారు, చడావుకి ఇవతలే, పడమటి వైపునే స్టేషన్ పెట్టేసుకున్నారు. ఆ ఏర్పాటే ఇప్పటికీ ఉంది. మీరు తకావో కొండకి వెళ్లే కెయో రైలు కోసం వెస్ట్ వైపు నడుస్తున్నారంటే దాని వెనక ఉన్నది ప్లానింగ్ కాదు, ఎనభై ఏళ్ల కిందటి లో వోల్టేజీ.

ఈ అయిదు కంపెనీల వల్ల ప్రయాణికుడికి వచ్చే అసలు తిప్పలు ప్లాట్‌ఫారం నంబర్లతో. ఎవరో మెసేజ్‌లో “5వ ప్లాట్‌ఫారం దగ్గర ఉన్నాం, వచ్చెయ్” అని పెడతారు. ఎవరి 5? జేఆర్‌లో 5 అంటే నరిటా ఎయిర్‌పోర్టుకి వెళ్లే నరిటా ఎక్స్‌ప్రెస్ ఆగే చోటు. కెయో న్యూ లైను, తోయే షింజుకు లైను కలిసి వాడుకునే స్టేషన్‌లో కూడా 5 ఉంది, అక్కడి నుంచి రైళ్లు ఫునబోరి మీదుగా మోతోయవతా వెళ్తాయి. 1వ నంబరు అయితే జేఆర్‌లోనూ ఉంది, కెయోలోనూ ఉంది, మరునౌచిలోనూ ఉంది. కంపెనీ పేరు లేకుండా ప్లాట్‌ఫారం నంబరు చెప్పడం షింజుకులో ఏమీ చెప్పకపోవడంతో సమానం. కలుసుకోవాలంటే ప్లాట్‌ఫారం వద్దు, బయటి దారి వద్దు, గేటు పేరు చెప్పుకోండి: జేఆర్ న్యూ సౌత్ గేటు బయట, అలా.

కెయోలోనే ఇంకో మెలిక. కెయో లైను, కెయో న్యూ లైను అని రెండున్నాయి, రెండూ ఒకే కంపెనీవి, స్టేషన్లు మాత్రం వేరు. అసలు లైనుకి 1 నుంచి 3 ప్లాట్‌ఫారాలు, న్యూ లైనుకి 4, 5. నంబర్లు వరసగా ఉన్నాయి కదా పక్కనే ఉంటాయనుకుంటే పొరపాటు, గేటు వేరు, లోతు వేరు, మధ్యలో నడక చాలానే ఉంది. తకావోకి నేరుగా వెళ్లేవాళ్లకి కావాల్సింది మొదటిది. బోర్డు మీద కెయో అన్న మాట కనిపించగానే తిరిగిపోకుండా, పక్కన న్యూ అని ఉందేమో చూడాలి.

రైలు కాదు, లైను వెతకండి

మన అలవాటు ఏంటంటే స్టేషన్‌కి వెళ్లగానే రైలుని వెతుకుతాం. సికింద్రాబాద్‌లో అయితే రైలు నంబరు చూసుకుని, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చివరి నిమిషం దాకా అనౌన్స్‌మెంట్ కోసం చెవులు రిక్కించి కూర్చుంటాం. టోక్యో లోకల్ రైళ్లకి ఆ అలవాటు పనికిరాదు. అక్కడ రైలుకి కాదు, లైనుకి ప్లాట్‌ఫారం ఉంటుంది, అది రోజూ అదే. లైను రంగు, వెళ్లే దిక్కు ఈ రెండూ తెలిస్తే చాలు, వచ్చిన రైలు ఎక్కెయ్యడమే, పోయిందంటే నాలుగైదు నిమిషాల్లో ఇంకోటి.

జేఆర్ షింజుకులో మామూలు ప్రయాణికుడికి కావాల్సినవి నాలుగే. లేత ఆకుపచ్చ యమనోతె లైను ఊరి చుట్టూ వలయంలా తిరుగుతుంది, 14లో ఎక్కితే షిబుయా, షినగావా వైపు, 15లో ఎక్కితే ఇకెబుకురో, ఉఎనో వైపు. నారింజ రంగు చువో రాపిడ్ టోక్యో స్టేషన్‌కి పావుగంట లోపే తీసుకెళ్తుంది. పసుపు సోబు లైను 13లో ఎక్కితే అకిహబరా. ముదురాకుపచ్చ సాయ్‌క్యో లైను షిబుయాకి గానీ ఇకెబుకురోకి గానీ మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళ్తుంది. టోక్యో స్టేషన్‌కి వెళ్లడానికి యమనోతె ఎక్కి వలయంలో సగం చుట్టి వచ్చేవాళ్లని చూస్తుంటాం, అరగంట పైనే పడుతుంది. ఊరు చూసినట్టు ఉంటుందనుకుంటే సరే, షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు పట్టుకోవాలంటే మాత్రం కొంప మునుగుతుంది. అన్నట్టు, షింకాన్‌సెన్ షింజుకులో ఆగదు. ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్ కదా బుల్లెట్ రైలు లేకుండా ఉంటుందా అనుకుని క్యోటో రైలు కోసం ఇక్కడికి రాకండి, టోక్యో స్టేషన్‌కో షినగావాకో వెళ్లాలి.

ఒకే దిక్కుకి వెళ్లే రైళ్లన్నీ అన్నిచోట్లా ఆగవన్నది తర్వాత తెలుసుకోవాల్సిన సంగతి. మనవాళ్లకి బాగా పనికొచ్చే ఉదాహరణ చెప్తాను. షిన్ ఓకుబోలో మన వైపు సరుకులు, పప్పులు, మసాలాలు దొరికే షాపులు ఒక వీధిలో వరసగా ఉన్నాయి, టోక్యోలో ఉండే తెలుగువాళ్లు చాలామందికి ఆ వీధి తెలుసు. షింజుకు నుంచి యమనోతెలో ఒక్కటే స్టాపు, 15వ ప్లాట్‌ఫారం. ఎలాగూ ఇకెబుకురో వైపే కదా అని సాయ్‌క్యో ఎక్కారనుకోండి, షిన్ ఓకుబో మీ కళ్ల ముందే వెనక్కి పోతుంది, రైలు ఇకెబుకురోలో ఆగుతుంది. అలాగే సోబు లైన్‌లో ఓకుబో అని ఇంకో స్టేషన్ ఉంది, అది ఇది కాదు, కాకపోతే నడిచి రాగలిగినంత దగ్గరే.

రైళ్ల రకాల దగ్గర డబ్బుల విషయం కూడా ఉంది. లోకల్, రాపిడ్, ఎక్స్‌ప్రెస్, లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అని ఉంటాయి. జేఆర్‌లో లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అంటే చార్జీ మీద అదనంగా ఇంకో టికెట్ కొనాలి. మత్సుమోతో వైపు వెళ్లే అజుసా, నరిటా ఎక్స్‌ప్రెస్, కవగుచికోకి వెళ్లే ఫుజి ఎక్స్‌కర్షన్ అన్నీ ఈ బాపతే, సీట్లు రిజర్వేషన్‌వి. ఒదాక్యూలో హకోనె వెళ్లే రొమాన్స్‌కార్‌కి కూడా అదనపు టికెట్ కావాలి. కానీ కెయోలో జపనీస్‌లో అదే పేరున్న స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌కి పైసా ఎక్కువ లేదు, మామూలు చార్జీతోనే తకావోకి వెళ్లొచ్చు. ఒకే మాట, రెండు కంపెనీల్లో రెండు అర్థాలు. దీనికి లాజిక్ వెతకొద్దు. ఎక్కే కంపెనీ రూలు చూసుకోవడమే. 2025 మార్చి నుంచి చువో రాపిడ్‌లో కూడా ఒక ఉచ్చు తయారైంది. నారింజ రంగు రైలు మధ్యలో రెండు డబుల్ డెక్కర్ పెట్టెలు తగిలించారు, మెత్తటి సీట్లు, చూడముచ్చటగా ఉంటాయి. అవి గ్రీన్ కార్లు, వాటికి అదనంగా డబ్బు కట్టాలి. మామూలు చార్జీతో వెళ్లాలనుకుంటే 4, 5 నంబర్ల పెట్టెలు కాకుండా మిగతావి ఎక్కండి.

కార్డు, సూట్‌కేసు

ముందే డబ్బు వేసుకుని గేటుకి ఆనించే సుయికా గానీ పాస్మో గానీ ఒక కార్డు ఉంటే అయిదు కంపెనీల గేట్లూ దాటొచ్చు. 2013 నుంచి దేశంలోని ప్రధానమైన పది రకాల కార్డులు ఒకదాని చోట ఇంకోటి చెల్లుతున్నాయి, ఒసాకాలో కొన్న ఇకోకా కూడా ఇక్కడ పనిచేస్తుంది. ఐఫోన్ ఉంటే వాలెట్‌లోనే సుయికా పెట్టుకోవచ్చు, పర్యాటకుల కోసం 28 రోజులు చెల్లే వెల్కమ్ సుయికా కూడా ఉంది. మన కుటుంబాలు తరచూ ఇరుక్కునేది ఒక్క చోట: ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. భార్యాభర్తలకి చెరొకటి, ఆరేళ్లు నిండి బడికి వెళ్లే పిల్లలకి సగం చార్జీ కార్డు విడిగా ఉండాల్సిందే. లోపలికి ఆనించిన కార్డే బయటికీ ఆనించాలి. ఫోన్‌తో లోపలికి వచ్చి ప్లాస్టిక్ కార్డుతో బయటికి వెళ్లబోతే గేటు మూసుకుంటుంది.

గేటు మూసుకుంటే కంగారు పడకండి. అది రోజూ వందల మందికి జరిగేదే, వెనక ఉన్నవాళ్లు పక్క గేటులోంచి వెళ్లిపోతారు, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ప్రతి గేట్ల వరసకీ ఒక చివర కిటికీ ఉంటుంది, అక్కడ మనిషి ఉంటాడు, లేకపోతే మాట్లాడే బటన్ ఉంటుంది. సుమిమసెన్ (క్షమించండి) అని కార్డు చేతికిస్తే చాలు, ఎక్కడ ఎక్కారో వాళ్ల మెషీన్‌లో కనిపిస్తుంది. వెళ్లాల్సిన చోటు పేరు జపనీస్ అక్షరాల్లో ఫోన్‌లో పెట్టుకుని చూపించండి, మీరు పలికే పేరు వాళ్లకి అర్థం కావాలన్న పట్టింపు వద్దు. కార్డులో డబ్బు తక్కువైతే గేటుకి లోపలి వైపే ఫేర్ అడ్జస్ట్‌మెంట్ మెషీన్లు ఉంటాయి, వాటిలో వేసుకుని బయటికి రావొచ్చు. ఏ రైలూ ఎక్కకుండా లోపలికి వెళ్లి అదే స్టేషన్‌లో బయటికి వస్తే 2021కి ముందు గేటు ఒప్పుకునేది కాదు. ఇప్పుడు జేఆర్ ఈస్ట్ పెద్ద స్టేషన్లలో రెండు గంటల లోపు వస్తే ప్లాట్‌ఫారం టికెట్ ధర మాత్రం తీసుకుని వదిలేస్తుంది. ఇది కూడా తెలివిగా వాడుకోవచ్చు. పైన సౌత్ నుంచి కింద వెస్ట్‌కి వర్షంలో సూట్‌కేసు లాక్కుంటూ వీధుల్లో తిరిగేకంటే, ఆ కాసిని యెన్‌లు పోనిచ్చి జేఆర్ లోపల నుంచి దిగి వెళ్లిపోవడం నయం.

జేఆర్ పాస్ (పర్యాటకులు కొన్ని రోజులపాటు జేఆర్ రైళ్లలో తిరగడానికి కొనుక్కునే పాస్) ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది అది జేఆర్ గేట్లలో మాత్రమే పనిచేస్తుందని. ఒదాక్యూ, కెయో, మెట్రో, తోయే వాళ్లకి అదో రంగు కాగితం, అంతే. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్‌ల నుంచి 50,000కి పెంచాక టోక్యోలోనే తిరిగేవాళ్లకి అది దండగ అని నా అభిప్రాయం.

సూట్‌కేసులు. మనవాళ్లు జపాన్ వెళ్తూ ఆవకాయ, పొడులు, పిల్లల బట్టలతో ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు పట్టుకొస్తారు, తప్పేమీ లేదు. కానీ ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య వాటితో షింజుకులో దిగడం మాత్రం తప్పే. ఆ వేళలో జనం ఆగరు, ఆగలేరు, లిఫ్టులు ప్లాట్‌ఫారం మీద ఏదో ఒక చోటే ఉంటాయి, అది మీరు దిగిన పెట్టెకి చాలా దూరంలో ఉండొచ్చు. పైగా లిఫ్టు ఎటు తీసుకెళ్తుందో చూసుకోవాలి, కొన్ని కిందికే, కొన్ని పైకే. హోటల్ నుంచి హోటల్‌కి పెట్టెలు పంపే తక్యూబిన్ సర్వీసు ఉంది, హోటల్ కౌంటర్లో ఇస్తే సాధారణంగా మర్నాటికి చేరుతుంది. చేతిలో చిన్న సంచీ మాత్రం ఉంటే ఈ స్టేషన్ సగం సులువైపోతుంది.

ఫుజి కొండకి బస్సు పట్టుకునేవాళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే షింజుకులో నిజంగా నష్టపోయేది వీళ్లే. లోకల్ రైలు పోతే ఇంకోటి వస్తుంది, బస్సు చెప్పిన నిమిషానికి కదిలిపోతుంది. 2016 ఏప్రిల్‌లో తెరిచిన బస్తా షింజుకు అనే బస్ టెర్మినల్ దక్షిణం వైపు, కోషు కైదో పక్కన, పట్టాల నెత్తి మీద ఉంది. బస్సులు బయల్దేరేది నాలుగో అంతస్తు నుంచి. జేఆర్‌లో వచ్చేవాళ్లు ప్లాట్‌ఫారం మీద దక్షిణపు కొసకి నడిచి, మెట్లు ఎక్కి, న్యూ సౌత్ గేటు దాటితే ఆ భవనంలోనే ఉన్నట్టు, ఎస్కలేటర్ ఎక్కడమే మిగులుతుంది. ఫునబోరి లాంటి చోట్ల, అంటే భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే వైపు నుంచి తోయే షింజుకు లైన్‌లో వచ్చేవాళ్లు మాత్రం జేఆర్ జోలికి పోకూడదు. తోయే గేటు దాటి వీధిలోకి వచ్చి, కోషు కైదో వెంట నడిచి టెర్మినల్‌కి చేరడమే దగ్గర దారి. రైలు దిగిన దగ్గర్నుంచి బస్సు ఎక్కేదాకా పావుగంట పడుతుందనుకుని, ఇంకో పావుగంట చేతిలో ఉంచుకుని బయల్దేరండి. మూడో అంతస్తులో టాక్సీలు, పర్యాటకుల సమాచార కేంద్రం ఉన్నాయి, దారి తెలియకపోతే అక్కడ అడగొచ్చు.

మిగతా పెద్ద స్టేషన్లలో చిక్కులు ఇవే కావు, ఒక్కోదానిది ఒక్కో రకం. టోక్యో స్టేషన్‌లో దూరమే అసలు బాధ: డిస్నీలాండ్ వైపు వెళ్లే కెయ్‌యో లైను (కెయో కాదు) కూడా అదే స్టేషన్ అంటారు గానీ మిగతా ప్లాట్‌ఫారాల నుంచి అక్కడికి నడవడానికి పావుగంట పట్టొచ్చు. షిబుయా లోయలో ఉంది కాబట్టి అక్కడ సబ్‌వే అనే గింజా లైను మూడో అంతస్తులో ఉంటుంది, ఫుకుతోషిన్ లైను అయిదంతస్తుల కింద ఉంటుంది. ఒసాకాలో షింజుకుకి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. జేఆర్ వాళ్లు ఒసాకా అంటారు, హాంక్యూ అనే ప్రైవేటు రైల్వే వాళ్లు ఒసాకా ఉమెదా అంటారు, సబ్‌వేలో ఉమెదా, హిగాషి ఉమెదా, నిషి ఉమెదా అని మూడు, అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర్లోనే. ఇక్కడ ఒకే పేరుతో అయిదు స్టేషన్లు, అక్కడ ఒకే చోటుకి అయిదు పేర్లు.

గూగుల్ మ్యాప్స్ జపాన్‌లో బాగానే పనిచేస్తుంది. ప్లాట్‌ఫారం నంబరు, ఎన్నో పెట్టె ఎక్కితే మంచిదో, ఏ బయటి దారో కూడా చాలాసార్లు చెప్తుంది, ఆ పెట్టె నంబరు చూసి ఎక్కితే దిగగానే సరైన మెట్లు ఎదురుగా ఉంటాయి. అండర్‌గ్రౌండ్‌లో మాత్రం ఆ నీలం చుక్కని నమ్మకండి, అది ఎక్కడెక్కడో ఎగురుతుంది. కింద ఉన్నంతసేపు బోర్డులే, పైకి వచ్చాకే ఫోన్.

బోర్డులు కూడా ఇప్పుడు మారుతున్నాయి. వెస్ట్ వైపు ఒదాక్యూ డిపార్ట్‌మెంట్ స్టోర్ పాత భవనం 2022లో మూసేశారు, పడగొట్టి ఆ చోట నలభై ఎనిమిది అంతస్తుల టవర్ కడుతున్నారు. దాని పక్కనున్న మైలార్డ్ 2025లో మూతపడింది. ఈస్ట్ వైపు దశాబ్దాలుగా అందరూ కలుసుకునే గుర్తుగా ఉన్న స్టూడియో ఆల్టా కూడా అదే ఏడాది ఫిబ్రవరిలో మూసేశారు. పని ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది, అప్పటిదాకా రేకులు అడ్డం కట్టిన దారులు, తాత్కాలికంగా అతికించిన బాణం గుర్తులు తప్పవు. యూట్యూబ్‌లో షింజుకు దారి చూపించే వీడియోలు బోలెడున్నాయి. చూసే ముందు అప్‌లోడ్ తేదీ చూడండి. 2020 జూలైకి ముందుదైతే పక్కన పెట్టెయ్యండి, 2022కి ముందుదైతే వెస్ట్ వైపు చూపించే భాగం వదిలేసి మిగతాది చూసుకోవచ్చు.